రెండో దెబ్బకి బుట్ట

విజయనగరం నుంచి రాజాం. రోజుకి నాలుగు సింగిళ్ళు.
వేబిల్లు వెనక నాకో వేరే లెక్క ఉంటుంది.
డిపోలో దాన్ని ఎవరూ అడగరు.

ఒకసారి మేనేజరు చూశాడు:
తడిసిన తాడు ముడి ఎందుకు ఊడదు?
ఇదేటయ్యా, అన్నాడు.
ప్రశ్న సార్, అన్నాను.
ఎవరికి?
ఇంకా తెలీదు సార్. ఎక్కాలి.

నా నమ్మకం అంతే.
ప్రతి సందేహానికీ ఓ మనిషి ఉంటాడు,
ఏదో ఒకరోజు చిల్లర లేకుండా నా బస్సెక్కుతాడు.

తాడు మనిషి నెల్లిమర్లలో ఎక్కాడు.
జూటు మిల్లులో ముప్పై ఏళ్ళు, చొక్కా నిండా నార పొట్టు.
"నీళ్ళు తాగితే నార ఒళ్ళు సేస్తాది బావూ.
లావయిన ఏలికి ఉంగరం ఊడొస్తాదేటి?"
లేచి నా సీటిచ్చాను.

వాన వెలిశాక ఆవులు పచ్చిక వదిలేసి
రోడ్డు మీదే ఎందుకు పడుకుంటాయో
గరివిడి పశువుల కాలేజీ పిల్ల చెప్పింది,
ఒక కాలు ఫుట్‌బోర్డు మీద, ఒక కాలు గాల్లో ఉండగానే.
తారు వెచ్చన అంకుల్. తొందరగా ఆరుతుంది. ఈగలు తక్కువ.
మీరయినా అక్కడే పడుకుంటారు.
మా డ్రైవరు చిన్నంనాయుడు ఆ రోజు నుంచి
హారన్ కొట్టే ముందు ఒక్క క్షణం ఆగుతున్నాడు.

కొన్ని జవాబులు మనిషిని కుదురుగా ఉండనివ్వవు.
ఇరవై రెండేళ్ళుగా సాయంత్రమయ్యేసరికి
నా అరచేతికి ఇనుము వాసన.
సబ్బుకి పోదు, అన్నం ముద్దలో కూడా తగుల్తుంది.
చీపురుపల్లిలో దిగే కెమిస్ట్రీ మేడం, మణిమాల గారు,
కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నారు:
ఇనుముకి వాసన లేదండీ.
అది మీ ఒంటి జిడ్డే, కమ్మీని తాకి అలా మారుతుంది.
మీరు వాసన చూస్తున్నది మిమ్మల్నే.

ఆ రోజు ఇద్దరికి టికెట్టు కొట్టడం మర్చిపోయాను.

తీరని ప్రశ్న ఒకటి మిగిలింది.
తవిటమ్మ.
తోటకూర అమ్ముకుని మధ్యాహ్నం బండికి
ఖాళీ బుట్టతో ఎక్కుతుంది.
కోట జంక్షన్ దాటకముందే నోరు తెరిచి నిద్ర.
గెడ్డొంతెన స్టాపు పది బారలుందనగా
కళ్ళు తెరుస్తుంది. ఒక్కరోజు తప్పలేదు.
ఎలా?

విశాఖ నుంచి క్యాంపుకొచ్చిన నరాల డాక్టరు
మెదడులో గడియారం ఉంటుందన్నాడు.
ఒక రిటైర్డు మేష్టారు అలవాటన్నాడు.
ఒకాయన దేవుడన్నాడు,
రూపాయి బాకీ ఉండగానే దిగిపోయాడు.

నాలుగు నెలల తర్వాత తట్టింది,
ఆమెనే అడగొచ్చని.

అడ్డపొగ తాగే పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది తవిటమ్మ.
"గడియారమేటి బావూ.
గెడ్డకి ముందల గొయ్యి నేదా?
బస్సు రెండు దెబ్బలేస్తాది.
మొదటి దెబ్బకి కళ్ళు.
రెండో దెబ్బకి బుట్ట."

వేబిల్లు వెనక రాసుకున్నాను. కింద తేదీ వేశాను.

మార్చిలో కొత్త రోడ్డేశారు.
గెడ్డ దాటిన సంగతి
చిన్నంనాయుడి గ్లాసులో టీకి కూడా తెలీలేదు.
తవిటమ్మకీ తెలీలేదు.
గరివిడిలో లేచి, కిటికీ బయట ఊరిని
ఎవరి బిడ్డనో చూసినట్టు చూసింది.
"రోడ్డు బాగుసేసి నా నిద్దర పాడుసేసినారు గదరా!"
రుజువు దొరికిందని లోపల పొంగిపోతున్నాను నేను.
ఆ మాటకి సిగ్గేసింది.
ఎదురొచ్చే బండిని ఆపి ఎక్కించాను.
టికెట్టు డబ్బులు నావే.

మిషన్లొచ్చాక టికెట్లు కొట్టే నా పాత పంచి
పెట్టె అడుగున పడి ఉండేది.
దాన్నిప్పుడు రోజూ తెస్తున్నాను.
గెడ్డ కనపడగానే కమ్మీ మీద
టక్.

టక్.

తవిటమ్మ చెయ్యి బుట్టని వెతుక్కుంటుంది.

ఆమెతో పాటు ఇంకో నలుగురు ఉలిక్కిపడి లేస్తారు,
బయటికి చూస్తారు,
తమ ఊరు కాదని తెలియగానే
మళ్ళీ అంత హాయిగా ఎలా నిద్రపోతారో,
అదీ రాసుకున్నాను.

ఎక్కాలి, ఎవరో.